లోపం మొదటి వాక్యంలో

కొట్టు వెనక గది,
జూన్ 3

మహారాజశ్రీ అక్కగారి దివ్యసముఖమునకు,

ముందుగా క్షమాపణ. ఆరు నెలలుగా ఒక్క ముక్క రాయనందుకు, నీ పుట్టినరోజు మర్చిపోయినందుకు, నీ పాత సైకిలు బెల్లు ఊడదీసి నా సైకిలుకి పెట్టుకున్నందుకు, ఈ ఉత్తరంలో రాబోయే అక్షరదోషాలకి, ఈ భూమండలం మీద ఏ మూల ఏ గడియారం తప్పు టైము చూపిస్తున్నా ఆ అపరాధానికి, మన కుటుంబం తరఫునా సకల చరాచర జీవుల తరఫునా మోకాళ్ళ మీద కూర్చుని క్షమాపణ వేడుకుంటున్నాను. వీటిలో ఒక్కదానికీ నేను నిజంగా బాధపడటం లేదని నీకు తెలుసు. అయినా మర్యాద మర్యాదే కదా.

ఉభయకుశలోపరి అని రాయబోయి ఆగాను. ఉభయుల్లో కుశలం కాని మూడో మనిషి ఉన్నాడు. నిలబడి చదువుతుంటే కూర్చో.

నాన్న కొట్టు మూసేస్తున్నాడు.

పోయిన వారం ఒక పొద్దున్న జరిగింది. షట్టరు ఎత్తాడు, బల్ల తుడుచుకున్నాడు, కంటద్దం కంటికి ఆనించుకున్నాడు, పట్టకారుతో ఆవగింజంత స్క్రూ పట్టుకున్నాడు. జారిపోయింది. మళ్ళీ పట్టుకున్నాడు, మళ్ళీ జారింది. నాలుగోసారి పట్టకారు కింద పెట్టి, టీ తాగుతూ, వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు. "అన్నీ అమ్మెయ్. ఆగస్టు చివరికల్లా గది ఖాళీ చేసి ఇచ్చేద్దాం."

నేను నవ్వాను. ఈ ఇంట్లో జోకులు వేసే శాఖ నాది. మొదటిసారి ఆయనా ఒకటి వేశాడనుకున్నాను. ఆయన నవ్వలేదు. అప్పుడు చూశాను, టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు. చలికాలం నుంచీ చేతులు జేబుల్లో పెట్టుకుని తిరుగుతుంటే పెద్దమనిషి తరహా అనుకున్నాను అక్కా. వణుకు దాచుకుంటున్నాడు. ఆ పూట నేనే వెళ్ళి టీ గ్లాసులు కడిగాను. నేను!

ఇంటర్నెట్ వేలంలో అమ్మమన్నాడు. రాసే పని నాది. మొదటి గడియారానికి ఇలా రాశాను: "అద్భుతం! అపురూపం! అరుదైన కళాఖండం! మీ ఇంటి గోడ ఎదురుచూస్తున్న రాజసం!" నాలుగు రోజుల్లో ఒక్కడూ పాట పాడలేదు. ఒకాయన మాత్రం ప్రశ్న పంపాడు: "ఇది గడియారమా, పెళ్ళికొడుకా?"

కాబట్టి శరణు. ఎనిమిదేళ్ళుగా వేలం ఆఫీసులో వస్తువులకి వివరాలు రాసే ఉద్యోగం నీది. నాకు నేర్పు. ఫోను చెయ్యలేను, ఫోను నాన్న బల్ల మీద ఉంటుంది. మెసేజ్ పెడితే నువ్వు "ఊ" అని జవాబిస్తావు. అందుకని పురాతన పద్ధతి.

నువ్వూ నాన్నా మాట్లాడుకుని ఈ నెలకి మూడేళ్ళు. దానికి కారణం ఒకే ఒక్క మాట. ఆ మాట రాద్దామంటే కలం మొరాయిస్తోంది.

ఇట్లు,
నీ ఏకైక, అందుచేత అత్యుత్తమ, తమ్ముడు


వేలం ఆఫీసు, మూడో అంతస్తు,
జూన్ 9

ఒరేయ్ కోతీ,

కూర్చోమన్న మాట ఉత్తరం మధ్యలో కాదు, కవరు మీద రాయాలి. "మూసేస్తున్నాడు" అన్న చోటికి వచ్చేసరికి నా చేతిలో పింగాణీ కూజా మూత ఉంది. తర్వాత లేదు. ఎనిమిదేళ్ళలో ఇదే మొదటిసారి. వివరంలో "మూత ఈ ఉదయం పగిలింది" అని రాశాను. మా మేనేజరు దాని కింద ఎర్ర సిరాతో "ఎవరు?" అని రాశాడు. వెళ్ళి ఒప్పుకున్నాను.

ఆ గది లేకుండా నాన్నని ఊహించుకోలేకపోతున్నాను. అక్కడ వందసార్లు పోట్లాడాను, ఆయన్ని మాత్రం ఆ స్టూలు మీద తప్ప ఇంకెక్కడా చూసిన గుర్తు లేదు. సరే. ఆయన గురించి నేను అడగను. చేతులు ఎప్పటి నుంచి? డాక్టరుకి చూపించారా? అమ్మని ఆదివారం ఫోనులో అడిగితే, "మీరిద్దరూ గడియారాలే, ఎవరో ఒకరు కీ ఇస్తే తప్ప కదలరు" అని మాట తప్పించింది.

ఇప్పుడు పాఠం. నీ వివరం వెతికి చదివాను. నాకు పంటినొప్పి వచ్చింది.

మొదట అదేమిటో చెప్పు. గోడ గడియారమైతే "గోడ గడియారం" అను. వెతికేవాడు "రాజసం" అని కొట్టి వెతకడు. తర్వాత టేపు తీసుకుని కొలువు: ఎత్తు, వెడల్పు, లోతు. లోతు అందరూ మర్చిపోతారు, తలుపు వెనక గోడకి తగిలిద్దామనుకున్నవాడికి అదే ప్రాణం. అద్భుతం, అపురూపం, ఇవి నీ సంబరాలు, వస్తువు గుణాలు కావు. "అరుదైన" అనాలంటే ముందు ప్రపంచంలో ఎన్నున్నాయో లెక్కపెట్టి రా. వెనక తలుపు తెరిచి ఫోటో తియ్యి. కస్టమర్ల పేర్లున్న చీటీలు ఫోటోలో పడకూడదు, ఎవరి ఇంటి సంగతులు వాళ్ళవి.

అన్నిటికంటే ముఖ్యమైనది, లోపం మొదటి వాక్యంలో రాయాలి. చివర్న చిన్నక్షరాల్లో కాదు. కొనేవాడు లోపం ఎలాగూ కనిపెడతాడు. నువ్వు ముందు చెబితే అది వివరం, వాడు తర్వాత కనిపెడితే అది మోసం. వస్తువు ఒకటే, లోపం ఒకటే, తేడా అంతా ఎప్పుడు చెప్పావన్నదే.

తిరగరాసి పంపు.

అక్క


కొట్టు వెనక గది,
జూన్ 25

వివరాల విశారదకి,

ఈ ఉత్తరం ఆలస్యమైనందుకు, దీనివల్ల పోస్టుమ్యాను పడిన శ్రమకి, కాగితం కోసం కూలిన చెట్టుకి, ఆ చెట్టు మీది పిచుకకి, దాని అత్తవారికి క్షమాపణలు. ఇక విషయం.

నేను నిర్ఘాంతపోయి ఉన్నాను. నీ మాట ప్రకారం ఇలా రాశాను: "గోడ గడియారం. గంట కొట్టదు. టైము సరిగా చూపిస్తుంది. ఎత్తు రెండడుగుల ఒక అంగుళం, వెడల్పు అడుగు, లోతు ఆరంగుళాలు. కుడివైపు కింద చెక్క మీద వేలెడు గీత." అంతే. ఇంత బోసిగా ఉంటే ఎవరు పాడతారని నా పందెం. పదకొండు మంది పాడారు! గెలిచినావిడ రాసింది: "గంట కొట్టని గడియారం కోసమే రెండేళ్ళుగా వెతుకుతున్నాను. మా పాప ఇప్పుడిప్పుడే నిద్ర అలవాటు చేసుకుంటోంది." లోపమే అమ్ముడుపోయింది అక్కా. నేను చదివిన మూడేళ్ళ డిగ్రీలో ఇంత పనికొచ్చే ముక్క ఒక్కటీ చెప్పలేదు.

నాన్న వివరం ప్రింటు తీయించి చదివాడు. "ఎవరు నేర్పారు?" అన్నాడు. ఇంటర్నెట్ అన్నాను. "ఇంటర్నెట్ చేతిరాత గుండ్రంగా బాగుంటుంది" అన్నాడు. చూద్దును కదా, నీ ఉత్తరం బల్ల మీదే ఉంది. చదివాడో లేదో తెలీదు. దాని మీద తన కంటద్దం బరువుగా పెట్టాడు, ఫ్యాను గాలికి ఎగరకుండా.

రెండో గడియారం దగ్గర దెబ్బ తగిలింది. "ముందువైపు గాజు తర్వాత మార్చారు" అని రాశాను. నాన్న పెన్సిలు తీసి ఒక్క అక్షరం కొట్టేశాడు. "మార్చానని రాయి. ఆ గాజు నేనే మార్చాను. చేసినవాణ్ణి దాచే మాట ఎందుకురా?" అన్నాడు. కోపంగా కాదు, మామూలుగా. ఆ మామూలుకే నాకు చెమటలు పట్టాయి.

ఎందుకంటే ఆ మాటే కదా. పళ్ళ డాక్టరు గడియారం. మన కొట్టులో బాగుచేయించుకుని వెళ్ళి, కొన్నాళ్ళకి మీ ఆఫీసులో వేలానికి పెట్టాడు. నువ్వు వెనక తెరిచి చూసి రాశావు: "యంత్రం అసలుది కాదు. తర్వాత మార్చారు." ధర పడిపోయింది. పళ్ళ డాక్టరు కాగితం పట్టుకుని కొట్టుకొచ్చాడు. అసలు యంత్రం కాజేసి పాతది బిగించావని, వీధి వీధంతా వినేలా అరిచాడు. నేను రెండు టీ గ్లాసులతో గుమ్మంలో ఉన్నాను. నాన్న ఆ కాగితం చదివి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఒక్క మాట అనలేదు. ఆ వారం నుంచే గిరాకీ తగ్గింది. చేతులు తర్వాత వణికాయి, కొట్టు అప్పుడే వణికింది.

మీ ఇద్దరి మధ్యా నలిగిపోయిన అమాయక ప్రాణిని నేను. ఈ అమాయకత్వానికి కూడా క్షమాపణలు.

తర్వాతి వస్తువు సరదాగా ఉంటుంది: "గోడ గడియారపు ఖాళీ పెట్టె. లోపల ఏమీ లేదు. మందుసీసాలు పెట్టుకోవచ్చు." ఎలా ఉంది?

శిష్యపరమాణువు


ఇంట్లో, కిటికీ బల్ల,
జూలై 6

ఒరేయ్,

"అమాయక" అన్న మాట నిషిద్ధ పదాల్లో కలిపాను. అది కూడా సంబరమే, గుణం కాదు.

నాన్న కొట్టేసిన ఆ ఒక్క అక్షరం గురించి నాలుగు రోజులు ఆలోచించాను. నీకో సంగతి చెప్పాలి. అమ్మకీ చెప్పలేదు.

ఆ రోజు పళ్ళ డాక్టరు గడియారం వెనక తలుపు తెరిచాను. చెక్క మీద ఒక నంబరు, యంత్రం మీద ఇంకో నంబరు. రెండూ కలిస్తేనే అసలుది. కలవలేదు. చెక్క లోపలి అంచున పెన్సిలుతో తేదీ, పక్కన చిన్న సున్నా, సున్నాలో చుక్క. నాన్న గుర్తు. తను తెరిచిన ప్రతి గడియారంలోనూ పెడతాడు. కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను. పక్క బల్ల వాడు "ఏమైంది" అంటే "దుమ్ము" అన్నాను.

చూసిందంతా రాయాలని నీకు పాఠాలు చెబుతున్నానే, ఆ రోజు నేను రాయలేదు. పెన్సిలు గుర్తు సంగతి మింగేశాను. "ఫలానావారు మార్చారు" అని రాయకుండా ఉత్త "మార్చారు" అని వదిలేశాను. నాన్నని కాపాడుతున్నాననుకున్నాను. కర్త లేని ఆ క్రియలో ఎవరికి వాళ్ళు నాన్నని తీసుకొచ్చి కూర్చోబెట్టారు. "మార్చారు" అంటే ఎవరో తెలియనివాళ్ళు అనీ అనుకోవచ్చు, పెద్దాయన గారు అనీ అనుకోవచ్చు. ఊరు రెండోదే అనుకుంది.

పళ్ళ డాక్టరు కొట్టుకొచ్చి అరిచిన మర్నాడు మధ్యాహ్నం నాన్న ఫోను చేశాడు. "రాసేముందు నన్నొక్క మాట అడగలేదేం?" అన్నాడు. నేను పొగరుగా, "నా పని అడగడం కాదు, చూసింది రాయడం" అన్నాను. అది కూడా అబద్ధమే, చూసిందంతా రాయలేదుగా. ఆయన ఫోను పెట్టేశాడు.

నేను చేసింది నాకు తెలుసు. ఆయన ఎందుకు చేశాడో మాత్రం ఇప్పటికీ తెలీదు. ఇరవై ఏళ్ళు ఆ స్టూలు పక్కన కూర్చుని చూశాను, ఒకరి స్క్రూ ఇంకొకరి గడియారంలో పెట్టని మనిషి. "నేను చెయ్యలేదు" అని ఒక్కసారి అని ఉంటే నమ్మేదాన్ని. అనలేదు. మూడేళ్ళు అనలేదు. అందుకే చేశాడని నమ్మాల్సి వచ్చింది. ఆ నమ్మకంతో ఆ గుమ్మం ఎక్కలేను.

ఖాళీ పెట్టెకి వివరం అలా కాదు. లోపలి యంత్రం ఎప్పుడు తీశారు, ఏమైంది? కొనేవాడు అడిగే మొదటి ప్రశ్న అదే. రాయి.

నీకు భయం వేసినప్పుడు జోకులు ఎక్కువ వేస్తావని అమ్మ అంటుంది. కిందటి ఉత్తరంలో పిచుకకి అత్తవారు కూడా వచ్చారు. దేనికి భయం?

అక్క


కొట్టు వెనక గది,
జూలై 20

అక్కా,

జవాబు ఆలస్యమైనందుకు పిచుకతో సహా అందరి క్షమాపణలూ. ఖాళీ పెట్టె లిస్టింగు తీసేశాను. మందుసీసాలు మనకే కావాలి. భయమా? నాకా? కాలేజీ నాటకంలో సింహం వేషం వేసినవాణ్ణి.

గది సగం ఖాళీ అయింది. గోడల మీద గడియారాలు ఉన్నచోటల్లా తెల్లటి చతురస్రాలు మిగిలాయి. నాన్న అలవాటుగా టైము కోసం తలెత్తి ఆ తెల్ల చతురస్రం వైపు చూస్తాడు, కాసేపు చూస్తూ ఉంటాడు. నేను వాచీ చూసి టైము చెప్పేస్తున్నాను.

ఇంకో దిగ్భ్రాంతి. కంటద్దం కూడా అమ్మెయ్యమన్నాడు. రాయనన్నాను. తనే చెప్పి రాయించాడు: "గడియారాలు బాగుచేసేవారి కంటద్దం. అంచు ఒకవైపు అరిగింది, నలభై ఏళ్ళు ఒకే కనుబొమ మీద ఆనడం వల్ల. అద్దం బాగుంది." కొత్తది కొనుక్కునే ధరకి మూడింతలు పాడి ఎవరో పట్టుకుపోయారు. పాడిన పేరు చిత్రంగా ఉంది: పగిలిన మూత. చిరునామా చూసి నేను కవరు మీద రాయబోతే నాన్న లాక్కున్నాడు. తనే రాశాడు. నాలుగు లైన్లకి పావుగంట పట్టింది. చిరునామా గురించి నన్నేమీ అడగలేదు, నేనేమీ చెప్పలేదు.

ఇక మిగిలింది బల్ల కింది పెట్టె ఒక్కటే. విడిభాగాలు. ముందు నేను "పనికిరాని సామాను, ఒక పెట్టె" అని రాసేశాను. నాన్న చదివి, "ఒక్కొక్కటీ తీసి చూసి రాయి. తొందరేం లేదు" అన్నాడు. అన్నిటికంటే చివర్న పెట్టమన్నదీ ఆయనే. సరే, ముప్ఫయ్యొక్క వస్తువులు దుప్పటి మీద పరిచి, నంబర్లు వేసి, దగ్గరగా ఫోటోలు తీశాను. చీటీలన్నీ నీ ఆజ్ఞ ప్రకారం బోర్లా తిప్పేశాను, చదవను కూడా లేదు. ఎవరి ఇంటి సంగతులు వాళ్ళవి.

నిన్న లిస్టింగు పెట్టాను. చూసి మార్కులు వెయ్యి.

సింహం


వేలం ఆఫీసు, మూడో అంతస్తు,
ఆగస్టు 2

తమ్ముడూ,

కంటద్దం అందింది. చిరునామాలో నా ఇంటి నంబరు దగ్గర కలం రెండుసార్లు జారింది. ఆ కవరు దాచుకున్నాను. దాని గురించి తర్వాత రాస్తాను, ముందు ఇది.

నీ ముప్ఫయ్యొక్క ఫోటోలూ చూశాను. ఆఫీసులో పెద్ద తెర మీద, ఒక్కొక్కటీ పెంచి. పంతొమ్మిదో ఫోటో. గోడ గడియారపు యంత్రం, ఇత్తడి పలక, కింద ఎడమ మూల నంబరు: 4417.

నమ్మలేక మూడేళ్ళ కిందటి రిజిస్టరు తెప్పించాను. పళ్ళ డాక్టరు గడియారం, చెక్క మీది నంబరు: 4417.

నాలుగంకెలూ వేలు పెట్టి మళ్ళీ మళ్ళీ పోల్చాను. పక్క బల్ల వాడు మంచినీళ్ళు తెచ్చాడు. ఈసారీ దుమ్మే అన్నాను.

అంటే అసలు యంత్రం మూడేళ్ళూ నాన్న బల్ల కిందే ఉంది. పళ్ళ డాక్టరు వీధిలో అరిచింది నిజం. ఏదో ఒకరోజు ఇది అబద్ధమని తేలుతుందని, తేలితే ముందు బస్సెక్కి వచ్చి ఆ స్టూలు పక్కన కూర్చోవాలని, లోపల్లోపల అనుకుంటూనే ఉన్నానని ఇప్పుడే తెలిసింది నాకు. ఇక దేనికి రావాలి?

ఆ పెట్టె వేలం నుంచి తీసెయ్. వెంటనే.

ఒక్కటే మిగిలింది. ఆ యంత్రానికి చీటీ కట్టి ఉంది, బోర్లా పడి ఉంది. తిప్పి చదువు. నాన్న చీటీ కట్టాడంటే దాని మీద లోపం, ఎవరిది, ఇవ్వాల్సిన తేదీ, మూడూ రాస్తాడు. దొంగిలించిన వస్తువుకి చీటీ ఎందుకు కడతాడు? ఏముందో ఉన్నదున్నట్టు నాకు రాయి. జోకులు వద్దు.

అక్క


కొట్టు వెనక గది,
ఆగస్టు 9

అక్కా,

ఈసారి క్షమాపణతో మొదలుపెట్టడం లేదు. లోపం మొదటి వాక్యంలో రాయమన్నావు. ఈ మూడేళ్ళలో ఎన్ని మొదటి వాక్యాలు రాశానో, ఒక్కదానిలోనూ దాన్ని పెట్టలేకపోయాను. ఇప్పుడూ చేతకావడం లేదు. ఆఖరి వాక్యంలో పెడతాను, అంతదాకా చదువు.

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం వచ్చింది. నంబరు చదివి నేను నవ్వాను, పిచ్చి నవ్వు. ఎందుకంటే 4417 ఈ లోకంలో లేదు. పాత ఇనుము కొనేవాడి గోనెసంచిలో, న్యూస్‌పేపరులో చుట్టి, అడుగున పడి, మూడేళ్ళ కిందటే పోయింది. నాకు తెలుసు. ఎలా తెలుసని అడగకు, వస్తున్నాను.

ఫోటో తీసినప్పుడు నంబరు చూడనే లేదు, ఇప్పుడు పెట్టెలోంచి తీశాను. అదే. కానీ చక్రానికి పోయిన రెండు పళ్ళూ ఉన్నాయి! కొత్త ఇత్తడితో అతికించి, ఆకురాయితో పాత పళ్ళ ఆకారానికి రాసి ఉన్నాయి. ఒకటి నున్నగా ఉంది, రెండోది కొంచెం వంకర. ఆ వంకర చూశాక అర్థమైంది, ఒక పన్నుకీ ఇంకో పన్నుకీ మధ్యలో చేతులు వణకడం మొదలైంది. కీ పెట్టి రెండు చుట్లు తిప్పాను. నడిచింది. దుప్పటి మీద పడుకుని, పెట్టె లేకుండా, ముళ్ళు లేకుండా, టక్ టక్ మంటూ నడిచింది. నేను వెనక్కి జరిగి గోడకి కొట్టుకున్నాను.

చీటీ తిప్పాను. నాన్న అక్షరాలు, ఉన్నదున్నట్టు:

లోపం: స్ప్రింగు తెగింది, పళ్ళు రెండు పోయాయి. చేశాను, నడుస్తుంది.
ఎవరిది: మావాడిది.
ఇవ్వాల్సిన తేదీ: వాడు చెప్పిన రోజు.

తల ఎత్తితే నాన్న గుమ్మంలో ఉన్నాడు. రెండు టీ గ్లాసులతో. రెండూ సగం ఒలికాయి.

"చదివావా?" అన్నాడు.

చదివానన్నాను.

"ఎవరు చదివించారు?"

"అక్క. ఫోటోలో నంబరు చూసింది."

ఆయన స్టూలు మీద కూర్చుని ఆ యంత్రం చప్పుడు విన్నాడు. "దాని కళ్ళు ఇంకా అలాగే ఉన్నాయన్నమాట" అన్నాడు. ఎప్పుడు తెలిసిందని అడిగాను. అమ్మ కంటి ఆపరేషను అయి ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే అన్నాడు. గోడ మీది మన గడియారం పెట్టె ఖాళీగా ఉంది, పాత ఇనుము గోనెసంచి బరువుగా ఉంది, ఎవరూ చెప్పకుండానే నేను గది ఊడ్చాను; సంచి విప్పి యంత్రం బయటికి తీశాడట. మరి పళ్ళ డాక్టరు అరుస్తుంటే ఎందుకు ఊరుకున్నావన్నాను. "గుమ్మంలో నువ్వు నిలబడి ఉన్నావుగా. నువ్వే చెబుతావనుకున్నాను" అన్నాడు. తర్వాత? "రేపు చెబుతాడులే అనుకున్నాను. అలా రోజులు గడిచాయి. మీ అక్క ఫోనులో నన్ను అడిగి ఉంటే ఏం చెప్పేవాణ్ణో నాకూ తెలీదు. అడగలేదని దాని మీద కోప్పడ్డాను గానీ, అడగనందుకు లోపల కాస్త ఊపిరి కూడా పీల్చుకున్నాను. అది దానికి రాయి."

నేను అక్కడే చెప్పబోయాను. చెయ్యి అడ్డం పెట్టాడు. "చెప్పాల్సింది నాక్కాదురా. ఆ యంత్రానికి వివరం రాయి. అక్కకి పంపు. ఈసారి దిద్దమని అడక్కు."

అందుకని వివరం:

గోడ గడియారపు యంత్రం, నంబరు 4417. మూడేళ్ళ కిందట మార్చిలో శుభ్రం చేసి, బిగించి, సొంతదారు కోసం సిద్ధంగా ఉంచారు. తర్వాతి రెండు రోజులూ అమ్మకి కంటి ఆపరేషను, నాన్న ఆసుపత్రిలో ఉన్నాడు. కొట్టు మొదటిసారి పంతొమ్మిదేళ్ళ ఒక కాలేజీ మేధావికి అప్పగించారు. క్లాసులోని ఒక అమ్మాయికి గంట వినిపిద్దామని గడియారానికి కీ ఇచ్చారు. నిండిందని తెలిసినా, ఆ అమ్మాయి చూస్తోందని ఇంకో చుట్టు తిప్పారు. స్ప్రింగు తెగింది, లోపల ఏదో పళ్ళు కొరికినట్టు చప్పుడైంది, కీ వేళ్ళకి తగిలి రక్తం వచ్చింది. అమ్మాయి వెళ్ళిపోయింది. మర్నాడు పదింటికి పళ్ళ డాక్టరు వస్తాడు. గోడ మీది మన గడియారంలోంచి అదే కొలత యంత్రం తీశారు. డాక్టరు గడియారంలో బిగించారు. విరిగినదాన్ని న్యూస్‌పేపరులో చుట్టి గోనెసంచిలో పడేశారు. సరిగ్గా పదింటికి గడియారం చేతికిచ్చి, "పళ్ళు జాగ్రత్త సార్" అని జోకు కూడా వేశారు.

ఇచ్చారు, తిప్పారు, తీశారు, బిగించారు. చదివి చూస్తే ఎంత మర్యాదగా ఉందో అక్కా. నాన్న పెన్సిలు నా ముందే ఉంది. ఆ "రు"లన్నీ ఒక్కొక్కటే కొట్టేస్తున్నాను, కాగితం చిరిగేలా. పళ్ళ డాక్టరుకి రాసిన ఉత్తరం కూడా ఇందులోనే ఉంది, అందులోనూ "రు"లు లేవు. చదివి పోస్టులో వెయ్యి. నాన్న స్టూలు పక్కన దుమ్ము తుడిచాను. ఆ స్టూలు అమ్మకానికి కాదట. నువ్వు వస్తావా అని ఆయన అడగలేదు, బస్సులు ఎన్నింటికి ఉన్నాయో మాత్రం అడిగాడు.

మూడేళ్ళ కిందట నువ్వు రాసిన వివరంలో ఒక్క అక్షరమే తప్పు. ఇలా దిద్దుకో:

యంత్రం అసలుది కాదు. తర్వాత మార్చాను.